బస్సు తెప్పించినవాడు

మా ఊరు తిరుమణి దగ్గర, సోలార్ పలకల కంచె వెనకాల ఉంటుంది. బస్సు అడిగినప్పుడల్లా డిపోలో, మీ ఊళ్లో జనం తక్కువ, ఎక్కేవాళ్లు ఉండరు అని పంపించేసేవాళ్లు. పోయిన నెల ఊరంతా వెళ్లి డిపో గేటు ముందు కూర్చున్నాం. అందరికంటే గట్టిగా అరిచింది నేనే. చివరికి, కొన్నాళ్లు తిప్పి చూస్తాం అంటూ ఈ వారమే బస్సు వేశారు.

ఈ రోజు పొద్దున వై.ఎన్.హొసకోటలో పనుండి, బస్సు వేళదాకా కాచుకునే ఓపిక లేక బండి మీద బయలుదేరాను. ఊళ్లో మగవాళ్లంతా అప్పటికే అలాగే వెళ్లిపోయారు. దారిలో వెనక హారన్ వినిపిస్తే పక్కకు జరిగాను. మా బస్సే. నా పక్కనే ఆగింది. లోపల చింతపండు మూటతో మా వీధి నరసమ్మవ్వ ఒక్కతే కూర్చుని ఉంది.

కండక్టర్ తల బయటపెట్టి, "మీ ఊళ్లో జనం ఉండారా లేదాప్పా?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే అవ్వ కిటికీలోంచి నన్ను చూపించింది. "మాకు బస్సు తెప్పించింది ఈయప్పేనప్పా. ఈయప్ప లేకుంటే ఈ మూట నెత్తిన పెట్టుకొని నడిచే పోవల్ల నేను."

ఆమె మనస్ఫూర్తిగా మెచ్చుకుంది. కండక్టర్ నన్నొకసారి, నా బండినొకసారి చూసి విజిల్ వేశాడు. బస్సు లేపిన దుమ్ము అణిగాక కూడా నాకు బండి తీయబుద్ధి కాలేదు.

బస్సు కోసం గొంతు చించుకుని, తీరా వచ్చాక ఎక్కనివాళ్లు మీ ఊళ్లోనూ ఉంటే చెప్పండి. సిగ్గుపడటానికి తోడు కావాలి. బస్సులో చోటుకేం కొదవ లేదు.