బొంత వేసి కట్టిన పట్టీలు

మూడున్నరేళ్ళ మా మనవరాలి గడ్డం కింద, మెడ మీద ఒక ఎర్రటి గీత పడింది. రెండు రోజుల్లో చెరిగిపోయింది. కాని ఆ గీత పడింది నా వల్లే అన్న సంగతి నా ఒంట్లోంచి ఇంకా పోలేదు. నేను నోరున్న మనిషినని అందరూ అంటారు. నేనూ కాదనను. ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పిన గొంతు, దించమంటే దిగదు. అలాంటిది ఈ ఒక్క సంగతి చెప్పబోతే ఇప్పటికీ నోరు ఎండిపోతోంది.

మా అమ్మాయిని బయటివాళ్ళకి ఇవ్వలేదు. మా తమ్ముడి కొడుకే మా అల్లుడు. వాడు నన్ను అత్తా అంటాడు, నేను వాణ్ణి ఒరే అంటాను. వాళ్ళు విశాఖపట్నంలో ఉంటారు. మేము చీపురుపల్లిలో ఉంటాం. పిల్ల పుట్టినప్పుడు విజయనగరం ఆసుపత్రి నుంచి మా ఇంటికి నేనే తెచ్చాను. కారులో ముందు సీట్లో కూర్చుని, ఒళ్ళో పెట్టుకుని, కొంగు కప్పి, దారి పొడుగునా డ్రైవర్ని "మెల్లిగా, మెల్లిగా" అని వేపుకు తింటూ తెచ్చాను. అంతకంటే భద్రంగా ఎవరూ తేలేరని నా నమ్మకం.

నాలుగో నెలలో అల్లుడు కారు కొన్నాడు. దాంతోపాటు పిల్లకి వేరే ఒక సీటు కొన్నాడు. దాన్ని వెనక సీట్లో పెట్టి కారు బెల్టుతో బిగించాడు. బిగిస్తే బిగించాడు, వెనక్కి తిప్పి బిగించాడు. పిల్ల మొహం వెనక అద్దం వైపు ఉంది.

"ఏట్రా ఇది? అందరూ ముందుకెళ్తంటే నా మనవరాలు ఒక్కర్తే వెనక్కెళ్తాదేటి?" అన్నాను.

"పసిపిల్లకి తల బరువు, మెడ లేత అత్తా. బ్రేకేస్తే తల ముందుకి ఊగిపోతాది. ఇలగైతే తలా వీపూ రెండూ సీటుకే ఆనుకుంటాయి."

"నా ఒళ్ళో ఉంటే ఎందుకు ఊగుతాది?"

"నీ ఒళ్ళో ఉంటే నీ సేతుల్లో నిలవదత్తా. ఆ విసురుకి ఎవరి సేతులూ ఆపలేవు."

నా చేతులని అనేసరికి ఒళ్ళు మండింది. ధాన్యం గంపలు ఎత్తిన చేతులివి, నిన్ను కూడా ఈ చేతులతోనే పెంచాను, నాకు చెప్పొచ్చావా అని దులిపేశాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. ఎదుటివాళ్ళు ఊరుకుంటే నేను నెగ్గానని అనుకోవడం నాకు మొదటినుంచీ అలవాటు.

మొన్న వేసవిలో వాళ్ళు వచ్చేసరికి కారులో సీటు మారింది. పాత సీటు మీద రాసి ఉన్న బరువూ పొడుగూ పిల్ల దాటేసిందట. కొత్తది ముందుకి చూస్తుంది. భుజాల మీంచి రెండు, నడుముకి అటూ ఇటూ రెండు, కాళ్ళ మధ్య నుంచి ఒకటి, మొత్తం అయిదు పట్టీలు వచ్చి పొట్ట కింద ఒక లాకులో పడతాయి. ముందు భాగంలో ఉన్న తాడు లాగితే బిగుస్తాయి. బటన్ నొక్కి లాగితే వదులవుతాయి. ఇది కూడా చాలకపోతే ఏం చేస్తావని అడిగాను. అప్పుడు ఎత్తు పీట లాంటిది వేసి కారు బెల్టే పెడతామని, ఆ బెల్టు మెడకి కాకుండా భుజానికి వచ్చేదాకా ఆ పీట ఉండాల్సిందేనని చెప్పాడు.

"పెళ్ళి పీటల మీదికి కూడా ఈ సీటుతోనే తెస్తావేట్రా?" అన్నాను. మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఇంట్లో అంత సరదాగా ఉన్న పొద్దు అది.

ఆ ఆదివారం అరసవల్లి గుడికి బయలుదేరాం. పొద్దున్నే ఉక్క మొదలైంది. అల్లుడు పిల్లను సీట్లో కూర్చోబెట్టి, పట్టీలు లాగి బిగించి, కొబ్బరికాయల సంచీ తేవడానికి ఇంట్లోకి వెళ్ళాడు. పిల్ల పక్కన కూర్చోబోతూ చూశాను కదా, పట్టీలు దాని గౌను మీద అతుక్కుపోయి ఉన్నాయి. వేలు దూరే సందు లేదు. నా మనవరాలు నోరు తెరిచి ఏమీ అనలేదు. నిజం చెప్పాలి, అది హాయిగా కాళ్ళు ఊపుకుంటోంది. నాకే ఊపిరి ఆడలేదు.

మా ఇంట్లో పిల్ల పుడితే అమ్మమ్మ తన పాత నేత చీరలు మడతలు పెట్టి బొంత కుట్టి ఇస్తుంది. మా అమ్మ మా అమ్మాయికి కుట్టింది, నేను దీనికి కుట్టాను. ఆరు చీరల మందం. ఆ బొంత లేకపోతే దీనికి నిద్ర పట్టదు. దాన్ని ఇంట్లోంచి తెచ్చాను. బటన్ నొక్కి పట్టీలు బారెడు లాగాను. లాకు తీసి పిల్లను పైకి లేపి, బొంతను నాలుగు మడతలు వేసి వీపు వెనకా కిందా పరిచి, మళ్ళీ కూర్చోబెట్టి లాకు వేశాను. అప్పుడు కూడా పట్టీలు బిగువుగానే కనిపించాయి. బొంత మందమంతా పట్టీల కిందే ఉంది మరి. బిగువూ ఉంది, మెత్తగానూ ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. ఈ ఉపాయం ఆ సీటు చేసినవాళ్ళకి తట్టలేదని జాలి కూడా పడ్డాను. అల్లుడు వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు, మా అమ్మాయి వాడి పక్కన కూర్చుంది. నేను వెనక సీటు బెల్టు పెట్టుకోలేదు. ఎప్పుడూ పెట్టుకోను.

అవి మొక్కజొన్నలు ఎండబెట్టే రోజులు. మా వైపు సగం తారురోడ్డు కళ్ళమే. గింజలు పరిచి, బళ్ళు తొక్కకుండా అంచు వెంబడి రాళ్ళు పేరుస్తారు. దాన్ని నేను తప్పు పట్టను. మావీ ఆ వారమంతా మా ఊరి రోడ్డు మీదే ఉన్నాయి. ముందు వెళ్తున్న ఆటో ఒక మలుపు తిరగ్గానే ఆ రాళ్ళు చూసి ఠక్కున ఆగిపోయింది. మావాడు బ్రేకు తొక్కాడు. మేమేం వేగంగా వెళ్ళడం లేదు. ఆటోకి తగల్లేదు, రాయికీ తగల్లేదు.

పిల్లకి అడ్డం పెట్టాలని చెయ్యి చాచాను. అది నాకు బాగా గుర్తుంది. ఆ చెయ్యి పిల్ల దాకా వెళ్ళనే లేదు. నేనే ముందుకి విసిరినట్టు పోయి ముందు సీటుకి నుదురు కొట్టుకున్నాను. తల తిప్పి చూస్తే బొంత కిందనుంచి జారిపోయి ఉంది. దాంతోపాటు పిల్ల కూడా కిందికి జారిపోయింది. మోకాళ్ళు సీటు దాటి వేలాడుతున్నాయి. గుండె మీద ఉండాల్సిన పట్టీలు గడ్డం కింద ఉన్నాయి. కళ్ళు పెద్దవి చేసి నా వైపు చూస్తోంది. ఏడుపు లేదు. శబ్దమే లేదు.

నా జన్మలో నేను అంత భయపడలేదు. లాకు ఎక్కడుందో తెలుసు, కాని నా వేళ్ళు కదల్లేదు. మా అమ్మాయి ఎప్పుడు దిగిందో, ఎప్పుడు తలుపు తీసిందో తెలియదు, లాకు నొక్కి పిల్లను లాక్కుంది. అప్పుడు పిల్ల దగ్గింది. తర్వాత గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ప్రాణంతోపాటు నోరు కూడా లేచింది.

"ఎలగ తోల్తన్నావురా నువ్వు? కళ్ళు నెత్తికెక్కేయా?" అని నడిరోడ్డు మీద అల్లుడి మీద విరుచుకుపడ్డాను. "ఆ దిక్కుమాలిన పట్టీలే పిల్ల పీక నులిమీసేయి. ఒద్దురా ఒద్దురా అని మొదట్నుంచీ మొత్తుకుంతన్నాను. నా ఒళ్ళో ఉంటే దానికి ఈ గతి పట్టునా?"

మొక్కజొన్నలు తిరగేస్తున్న ఒకావిడ నీళ్ళ సీసాతో పరిగెత్తుకొచ్చింది. ఆవిడ ముందు కూడా తగ్గలేదు. మావాడు తల దించుకుని, "నాదే తప్పత్తా, సరిగ్గా సూసుకోలేదు," అన్నాడు. ఆ మాటతో నాకు ఇంకా ఊపొచ్చింది.

గుడికి వెళ్ళలేదు. పిల్లను మళ్ళీ సీట్లో పెట్టలేక మా అమ్మాయి ఒళ్ళోనే పెట్టుకుంటే, తిన్నగా శ్రీకాకుళంలో పిల్లల డాక్టరు దగ్గరికి పోయాం. డాక్టరు పిల్ల మెడ తిప్పి చూసింది, టార్చి వేసి గొంతు చూసింది, పిల్లచేత పాట పాడించుకుంది. పైపైన ఒరుసుకుంది, లోపల ఏమీ కాలేదని చెప్పింది. "సీటులో వీపుకీ పట్టీకీ మధ్య ఏమైనా పెట్టారా?" అని అడిగింది. నేను పిల్ల గౌను సర్దుతూ కూర్చున్నాను. మామూలుగా అలాంటి చోట ముందు మాట్లాడేది నేనే.

బయటికొచ్చాక అల్లుడు బొంత లేకుండా పిల్లను కూర్చోబెట్టి, లాకు వేసి ఆగాడు. వేసవి గౌను మీద ఆ పట్టీలు ఎంత వదులుగా ఉన్నాయంటే, వాటి కింద వాడి పిడికిలి మొత్తం పట్టింది. నా పిడికిలి కూడా పట్టేది. వాడు ఆ సందు చూశాడు. కింద పడి ఉన్న బొంతను చూశాడు. నా వైపు మాత్రం చూడలేదు. తాడు లాగాడు. భుజం దగ్గర రెండు వేళ్ళతో పట్టీని మడత పెట్టబోతే చిక్కనంతదాకా బిగించాడు. పొద్దున్న వాడు బిగించిందీ సరిగ్గా అంతే. జారిన బొంతను చూసి వాడికి రోడ్డు మీదే తెలిసిపోయి ఉంటుంది. తెలిసే తప్పు మీద వేసుకున్నాడు. నేను వాణ్ణి నలుగురిలో తిడుతుంటే పడ్డాడు.

కారు తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"నేనే వదులు సేసేన్రా. బొంత ఏసింది నేనే," అన్నాను. మా అమ్మాయి వైపు తిరిగాను. తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను. "నేనేనే, మీ ఆయన కాదు."

"నాకు తెల్సమ్మా," అంది.

నాకు అర్థం కాలేదు.

"నువ్వు బటన్ నొక్కి లాగుతున్నప్పుడు నేను అవతల తలుపు కాడే ఉన్నాను. సూసేను. అలగ పెట్టకూడదని నాకు తెల్సు. సెప్తే వెళ్ళి వచ్చేదాకా నువ్వు అరుస్తావు, గుడికెళ్తన్నప్పుడు గొడవెందుకులే అని ఊరుకున్నాను." దాని గొంతు ఏమీ లేవలేదు. "నా పిల్లకి ఏటవుతాదో అని భయపడలేదమ్మా. నువ్వు ఏటంటావో అని భయపడ్డాను."

రోడ్డు మీద పిల్లను ఆ పట్టీల్లో చూసినప్పుడు కూడా నా గుండె అలా జారలేదు. నా మాట ఇంట్లో నెగ్గుతోందని ఇన్నేళ్ళూ పొంగిపోయాను. బొంత కంటే ముందు పిల్లకీ ఆ పట్టీలకీ మధ్య నా నోరు అడ్డం పడింది. వెనక సీట్లో కూర్చుని, వెతుక్కుని, నా బెల్టు నేను పెట్టుకున్నాను.

మా అమ్మాయి వంగి పిల్ల భుజం మీది పట్టీని ఇంకోసారి వేళ్ళతో లాగి చూసుకుంది. తలుపు వేయబోతూ ఆగింది. అప్పుడు కూడా, నేనేమైనా అంటానేమోనని, ఒకసారి నా మొహంకేసి చూసింది.