పొద్దంతా పక్కన ఉండేవాళ్లు

తెల్లాపూర్‌లో పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయనకు ఫిజియోథెరపీ చేసి, సాయంత్రం బస్సెక్కాను. ఒళ్లు హూనమైపోయింది. మూడు వారాలైనా ఆయన ఒక్క అడుగు వేయడం లేదు. డాక్టరుగారికి ఫోన్ చేసి, "మొండిమనిషండీ, ఇక నావల్ల కాదు, మానేస్తాను" అని చెప్పేశాను.

పక్క సీట్లో ఉన్నావిడ నా వైపు తిరిగింది. "నేను గూడ ఒకరింట్ల ముసలామెను చూస్కుంట మేడం. మీ పెద్దాయనకు తానం చేపిచ్చేది ఎవరు?"

"ఒకామె ఉంది."

"ఆమెను అడిగిన్రా, ఎందుకు నడుస్తలేడని?"

అడగలేదు. నేను వెళ్లగానే ఆమెను గది బయటికి పంపేదాన్ని.

"మమ్ముల ఎవ్వరడుగుతరు మేడం! పొద్దంత ఉండేది మేమే గద" అని కోపం లేకుండానే చెప్పి, లింగంపల్లిలో దిగిపోయింది. మళ్లీ ఎప్పుడూ కనబడలేదు.

మర్నాడు ఆ ఇంటి ఆయాను కూర్చోబెట్టి అడిగాను. ఆయన బాత్రూంలో జారిపడ్డాడట. ఎవరికీ చెప్పొద్దని బతిమాలాడట. అప్పటినుంచీ నేల మీద కాలు పెట్టాలంటే భయమట. డాక్టరుగారికి చెప్పి, దెబ్బేమీ లేదని తేలాక, ఇద్దరం చెరోవైపు నిలబడి ఆయన్ను లేపాం.

వారం తిరిగేసరికి గుమ్మం దాకా నడిచాడు. నా చేతిని ఊరికే తాకుతూ, ఆమె చేతిని మాత్రం గట్టిగా పట్టుకుని.