టంకం పట్టని చోటు

నా చిన్నప్పుడు, అంటే డెబ్బైల నాటి మాట, మల్కాపురంలో మా పక్కింటి మావయ్యకు ఒక పట్టింపు ఉండేది. పోర్టు వర్కుషాపులో ఆయన ఉద్యోగం. ఆదివారాలు ఇంటి అరుగు మీద కూర్చుని పడవ ఇంజన్ల రాగి గొట్టాలకు కంచు బిగింపులు అతికేవాడు. ఉప్పు కాగితంతో రాగిని మెరిసేదాకా రుద్దాక, ఇక దాన్ని తన వేలితో తనే తాకేవాడు కాదు. గుడ్డతోనే పట్టుకునేవాడు. "సెయ్యి తగిల్తే జిడ్డంటుకుంటాది అమ్మీ, టంకం పట్టదు" అని నాకు ఎన్నిసార్లు చెప్పాడో.

ఒక ఆదివారం అమ్మ నాకు తలంటకుండానే ఇంత కొబ్బరినూనె పెట్టి జడ వేసింది. ఆ తల తడుముకుంటూ వాళ్ల అరుగెక్కాను. మావయ్య మంచినీళ్లకని లోపలికి వెళ్లాడు. రుద్ది పెట్టిన గొట్టం కొస ఎర్రగా తళతళలాడుతోంది. నేను ఊరుకుంటానా? రెండు వేళ్లతో పట్టి, తిప్పి చూసి, ఎక్కడిదక్కడ పెట్టేశాను. ఆయన వచ్చి కంచు బిగింపు తొడిగి, బ్లోల్యాంపు వెలిగించి, టంకం కరిగించి పోశాడు. నేను పక్కనే కూర్చుని చూశాను. నోరు విప్పలేదు.

మూడోనాడు పడవ ఆసామి వచ్చి ఆ గొట్టాన్ని అరుగు మీద పడేశాడు. నడిసముద్రంలో అతుకు ఊడి, డీజిలంతా కారిపోయి, ఇంజను ఆగిపోయిందట. తెడ్లు వేసుకుని ఒడ్డు చేరేసరికి పొద్దు గుంకిందట.

"నా కొడుకున్నాడు బావా పడవలో. నీ సేతి పనని నమ్మినాను. ఇదేటి?" అన్నాడు. వీధంతా వింటోంది.

మావయ్య గొట్టం తిప్పి చూశాడు. రాగి మీద ఒకచోట, నా బొటనవేలంత మేర టంకం అసలు పట్టలేదు. తల ఎత్తి నా నూనె జడ వైపు చూశాడు. నేను తేలు కుట్టిన దొంగలా గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

"తప్పు నాదే బావా. సరిగ్గా తుడవనేదు" అన్నాడాయన.

ఆసామి వెళ్లాక నన్ను ఒక్క మాట అనలేదు. సబ్బు ఇచ్చి చేతులు కడుక్కోమన్నాడు, ఉప్పు కాగితం చేతికిచ్చి రుద్దమన్నాడు. మళ్లీ అతికాడు. ఆ ఆసామి మాత్రం తిరిగి రాలేదు. బాగుచేసిన గొట్టం మావయ్య వాళ్ల గోడ మేకుకు ఏళ్ల తరబడి వేలాడింది. దాన్ని చూడలేక వాళ్లింటికి వెళ్లడమే తగ్గించాను. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

పెద్దయ్యాక నా తప్పుకు నేనే ముందుకొచ్చి 'నాదే' అనడం అలవాటు చేసుకున్నాను. ఆఫీసులో అన్నాను, ఇంట్లో అన్నాను. మావయ్యతో మాత్రం, ఆయన పోయేదాకా అనలేకపోయాను.