వాన చెప్తా, ఎండ చెప్తా

భవనాల పునాదుల కోసం భూమిని తొలిచి తీసిన మట్టిని ప్లాస్టిక్ సంచుల్లో కట్టి మా పరీక్షశాలకు పంపుతారు. పొద్దున్నే ఆ ముళ్లు విప్పగానే తడి ఎర్రమట్టి వాసన ముఖానికి కొడుతుంది. పక్కన ఎన్ని యంత్రాలున్నా నా చెయ్యి ముందు పిడికెడు మట్టి తీసుకుంటుంది. కొన్ని నీళ్లు చిలకరించి, అరచేతుల మధ్య తాడులా పేని, వంచి చేతిగాజులా చుడుతుంది. మేడమ్‌కు చిన్నప్పటి ఆటలు ఇంకా వదల్లేదని కొత్తగా చేరినవాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఆ గాజు చుట్టడం నేర్పిన మనిషి ఇప్పుడు లేదు. ఆమె చూపించిన మట్టి కూడా ఈ ఊళ్లో ఇంకెంతో కాలం ఉంటుందని నాకు నమ్మకం లేదు.

ఆమె బెంగళూరు శివార్లలోని కాడుగోడి బడిలో మాకు భూగోళం చెప్పిన సరోజమ్మ. మేమంతా సరోజా మిస్ అనేవాళ్లం. పాఠం కన్నడంలో, తిట్లు తెలుగులో. తెలుగిళ్ల పిల్లలం కాబట్టి తిట్లు మాకే ఎక్కువ దక్కేవి. గోడకు ప్రపంచ పటం తగిలించడం ఆమెకు గిట్టదు. పటం చూస్తే రంగులు బట్టీ పడతారని ఆమె భయం. అందుకే ఒక ఆట పెట్టేది. "వాన నేను చెప్తా, ఎండ నేను చెప్తా. ఏం మొలుస్తాదో, కింద మట్టి ఎట్లుంటాదో మీరు చెప్పల్ల," అనేది. ఎండ ఉండీ లేనట్టు, ఏడాదిలో సగానికి పైగా మంచు అంటే సూదాకుల అడవి. రాలిన ఆకు ఆ చలికి కుళ్లదు, దాని పులుపు నీళ్లలో దిగి మట్టిని బూడిదరంగు చేస్తుంది. వాన కొంచెం, చలికాలం గట్టిది అంటే గడ్డి మైదానం. ఏటేటా చచ్చిన గడ్డివేళ్లు లోపలే ఉండిపోయి నేల నల్లబడుతుంది. వానే లేకపోతే నేలలోని తడి పైకెగిరిపోయి ఉప్పు మిగులుతుంది. ఇవన్నీ మేము చూసిన ఊళ్లలాగే చెప్పేది, తాను బెంగళూరు దాటి ఎంత దూరం పోయిందో మాకెప్పుడూ చెప్పలేదు.

ఒకరోజు, "దినమూ వాన, దినమూ ఎండ, చలి పేరే లేదు," అంది. దక్షిణ అమెరికా అడవి అని అందరికీ తెలిసిపోయింది. మట్టి సంగతి అడిగితే నేను లేచి, "అంత అడవి ఉంటే మట్టి బంగారమే మిస్," అన్నాను.

"కాదు పాపా. ఆ వానకి సారమంతా కొట్టుకపోతాది. రాలిన ఆకు రాలినట్లే కుళ్లుతాది, వేరు దాన్ని మళ్లా పైకి లాగేసుకుంటాది. ఉండే ఆస్తంతా చెట్టు మీదనే ఉండాది. చెట్టు కొట్టేస్తే కింద ఏముంటాది?"

"ఏమీ ఉండదు," అని ఆమే చెప్పి కుర్చీలో కూర్చుంది. ఆ పూట ఇంక పాఠం నడవలేదు. గంట కొట్టేదాకా మేం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాం.

ఆమె ఇంటి వెనక చిన్న చేను ఉండేది. రాగులు, వాటి మధ్య సాళ్లలో అనపకాయలు. రాగి కోత అయ్యాక ఒక ఆదివారం మమ్మల్ని పిలిచి అక్కడే తవ్వించింది. మన మట్టి ఎందుకు ఎర్రగా ఉందని అడిగితే పగలబడి నవ్వింది. "మన రాయిలో ఇనుముండాది. ఎండా వానా కలిసి దానికి తుప్పు పట్టించినాయి. మనం తుప్పులో రాగులు పండించుకోని ముద్ద తింటా ఉండాము." తర్వాత అందరి చేతా గాజులు చుట్టించింది. నాది వంచగానే పగిలింది. మూతి ముడుచుకుంటే నా చెయ్యి పట్టుకుని చూసింది. "పగలకుంటే బంకమట్టి, నీళ్లు దిగవు. పేననే రాకుంటే ఇసుక, నీళ్లు నిలవవు. ఇట్ల సన్నగా పగలల్ల. ఇదీ బతికుండే మట్టి." నేను మట్టి చదువు చదివింది ఆ మాట పట్టుకునే. తీరా ఉద్యోగంలో ఎవరూ ఏం మొలుస్తుందని అడగలేదు, ఎన్ని అంతస్తులు మోస్తుందని అడిగారు.

చేనును భవనాలు కట్టేవాళ్లకు ఇచ్చేద్దామని అన్నదమ్ములు ఎంత ఒత్తిడి పెట్టినా ఆమె చాలాకాలం సంతకం పెట్టలేదు. చివరికి పెట్టింది. ఆ చేని మట్టి పరీక్ష మా కార్యాలయానికే వచ్చింది. మా మనుషులు నేల తొలిచే యంత్రం నిలబెడుతుంటే ఆమె గట్టు మీద కుర్చీ వేసుకుని గొడుగు కింద కూర్చుని ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, కోప్పడనూ లేదు.

"కట్టేది కట్టుకోనీ పాపా. ఆ పైనుండే మూరెడు మట్టి మాత్రం యాడన్నా బతికే చోట పోయించు. మళ్లా ఏదన్నా మొలవల్ల. ఇదొక్కటే అడిగేది నిన్ను."

భవనం కట్టించే ఇంజనీరుకు చెబితే వెంటనే ఒప్పుకున్నాడు. అతనికి ఆ మట్టి ఎక్కడో ఒకచోట పారేయవలసిందే కదా, తవ్వకం మొదలయ్యేలోగా చోటు చూపించమన్నాడు. నేను వెతికాను. మా బడి ఆవరణ నిండా సిమెంటు ఇటుకలు పరిచేశారు, మట్టి వేస్తే పిల్లల బట్టలు మాస్తాయని అక్కడివాళ్లు చెప్పారు. పార్కులో నడిచే బాట తప్ప నేల లేదు. చెరువు కట్ట మీద కాపలామనిషి లోపలికే రానివ్వలేదు. ఆనేకల్లు దగ్గర ఒక రైతు శ్రద్ధగా అంతా విని, తన పొలంలో ఇళ్ల స్థలాలకు పాతిన హద్దురాళ్లు చూపించి, "యాడ పోసుకునేదమ్మా," అన్నాడు. ఇంత పెద్ద ఊళ్లో మంచి మట్టికి జానెడు చోటు దొరకలేదు. లారీలు జిగణి వైపు పాడుబడిన రాతి క్వారీలో, పగిలిన టైల్సు, కాంక్రీటు ముక్కల మీద దాన్ని పోసి వచ్చాయి. నేను వెళ్లి చూశాను. ఎర్రగా కనిపిస్తోంది. మర్నాడు దాని మీద ఇంకేదో పోశారు.

మిస్ వాటాకు ఆ భవనంలోనే ఒక ఇల్లు వచ్చింది. తన రాగిచేను మీద, గాలిలో, ఎత్తున ఉండేది. చివరిసారి వెళ్లినప్పుడు మంచం మీద ఉంది. మట్టి ఏమైందో అప్పటిదాకా అడగలేదు, ఆరోజు అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె దగ్గర అబద్ధం ఆడడం నాకు చేతకాదు. కిటికీ వైపు తిరిగింది. బయట వాన పడుతోంది.

"ఆట ఆడదామా పాపా?" అంది. "వాన ఉండాది. ఎండ ఉండాది. చలి తగుమాత్రం. ఏమీ మొలవదు. ఇది ఏ దేశం, చెప్పు."

తరగతిలోలాగే జవాబు కోసం ఎదురుచూసింది. నేను దుప్పటి ఆమె భుజాల దాకా లాగి సర్దాను. వాన వెలిశాక ఇంటికి వచ్చేశాను. మరుసటి వానాకాలం ఆమె చూడలేదు.

ఈ పొద్దున సర్జాపురం అవతలి నుంచి ఒక సంచి వచ్చింది. పేని వంచితే గాజు సన్నగా, ఆమె చెప్పినట్టే పగిలింది. రాగులకు అంతకంటే మంచి మట్టి ఉండదు. కానీ పునాదికి పై మట్టి పనికిరాదు, నా నివేదికలో దానికి రాయవలసింది ఒకే మాట. తీసి పారవేయాలి అని రాసి, కింద సంతకం పెట్టాను.