రెండూ నల్ల తీగలే

కార్లలో కరెంటు పనులు చేసే ఆయన్ని వీధంతా నిప్పు బాబాయి అనేది. మాటంటే భగ్గుమంటాడు, పనికి మాత్రం వంక పెట్టలేరు. ఆయన ఏ సీటు విప్పినా భార్య పీట వేసుకుని పక్కనే కూర్చునేది. కబుర్లు చెబుతూనే, "ఇదిగో ఎర్రది, ఇదిగో నల్లది" అంటూ తీగలు అందించేది.

ఆ రోజు టాక్సీ నడిపే అమ్మాయి వచ్చి, ముందు సీట్ల మధ్య అరలో చిన్న కూలర్ బిగించమంది. పొద్దున్నే పోట్లాడుకున్నారు గనక భార్య పీట దగ్గరికి రాలేదు. పీడ విరగడైందనుకుని బాబాయే తీగలు కలిపేసి, కారు పంపించేశాడు.

సాయంత్రానికల్లా ఆ అమ్మాయి తిరిగొచ్చింది. "ఇది కూలరా బాబాయ్, పొయ్యా?"

బాబాయి అందులోని నీళ్ల సీసా పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది.

భార్య వచ్చి కారులోకి తొంగి చూసింది. "తీగలు తారుమారు చేశావు. అలా కలిపితే ఈ డబ్బా చల్లబరచదు, కాగబెడుతుంది."

"తారుమారేమిటే నీ మొహం! ఆ కంపెనీవాడు రెండూ నల్ల తీగలే ఇచ్చి చచ్చాడు!"

టాక్సీ అమ్మాయి తెల్లబోయింది. "ఒకటి ఎర్రగా ఉంది కదా బాబాయ్!"

బాబాయి తీగల్ని వెలుతురులోకి లాగి చూశాడు. ఆయన కంటికి రెండూ నల్లగానే ఉన్నాయి. బిత్తరపోయి భార్య వైపు తిరిగాడు.

ఆమె పీట లాక్కుని ఎప్పటిలాగే పక్కన కూర్చుంది. "పెళ్లైన కొత్తలోనే కనిపెట్టాను. లేకపోతే ఈ గ్రీజు కంపులో నాకేం పనయ్యా?"