ఖాళీ బండిలో తువ్వాలు

నేను ఏడో తరగతిలో బడి మానేసిన రోజున మా లెక్కల మాస్టారు ఆనందం పట్టలేక పంచదార పంచారని నందిగామలో కొందరు ఇప్పటికీ నమ్ముతారు. ఆ పుకారు పుట్టించింది నేనే. ఎదుటివాళ్లు అనేలోపు మనమే అనేసుకుంటే వాళ్లకి పని తగ్గుతుంది, మనకి పేరొస్తుంది.

అంత పేరున్నవాణ్ణి, కొలంబోలో ఓ ఆదివారం ఒక్క జోకూ పేలక నిలబడ్డాను.

నాన్న పోయి అప్పటికి మూడు నెలలు. చెల్లెలు అక్కడ ఓ బళ్లో టీచరు. కొన్నాళ్లు మార్పుగా ఉంటుందని అమ్మనీ నన్నూ రప్పించింది. ఏడాది తిరక్కుండా సముద్రం దాటడమేమిటని చుట్టాలు సణిగారు. అమ్మ వాళ్లతో అవుననలేదు, కాదనలేదు. పదకొండో రోజు నుంచి ఆమె నోట వచ్చినవి రెండే: ఆఁ, ఊఁ.

ఆ పొద్దున చెల్లెలు వంటింట్లో నా చెయ్యి పట్టుకుంది.

"అన్నయ్యా, ఊరందర్నీ నవ్విస్తావుగా. అమ్మ చేత ఒక్క మాట మాట్లాడించు. నాకు భయమేస్తోంది."

"అదెంత పనే!" అన్నాను.

లోపల ఏమీ కదల్లేదు. నాన్న చితికి నిప్పు పెట్టినప్పుడూ కదల్లేదు. పళ్ల డాక్టరు సూది పొడిచాక చెంప ఎలా ఉంటుందో, మూడు నెలలుగా మనిషంతా అలాగే ఉన్నాను.

సముద్రం ఒడ్డున పెద్ద పచ్చిక మైదానం. పిల్లల కంటే తండ్రులే హుషారుగా గాలిపటాలు ఎగరేస్తున్నారు. బండి మీద, పైన రొయ్యలు అద్దిన వడలు అమ్ముతున్నారు.

"చూడమ్మా, మనం వడకి చిల్లు పెడతాం, వీళ్లు రొయ్యని కాపలా పెట్టారు."

"ఊఁ."

"ఈ సముద్రం మన మునేరుకి పెద్దన్నలా లేదూ?"

"ఆఁ."

నా మాటలు నాకే పక్కింటి రేడియోలా వినిపించాయి.

మధ్యాహ్నం, ఒడ్డు వెంబడే పోయే రైలెక్కిస్తానని చెల్లెలు ఫోర్ట్ స్టేషన్‌కి తీసుకెళ్లింది.

మా వైపు బస్సులో సీటు పట్టడమంటే, బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసరడం. తువ్వాలు పడిందంటే సీటు మనదే, ఇక ఎవరూ తగువు పెట్టుకోరు. జగ్గయ్యపేటలోనే నిండిపోయి వచ్చే బెజవాడ బస్సులో కూడా నాన్న మా నలుగురికీ చోటు పట్టేవాడు. తన తువ్వాలు, జేబురుమాలు, అమ్మ చేతిసంచి, అవి చాలకపోతే నా చెప్పు. ఇప్పుడా తువ్వాలు నా భుజం మీద ఉంది.

రైలు ప్లాట్‌ఫారం మీదకి వస్తుంటే నా కాళ్లు వాటంతటవే పరుగెత్తాయి. తువ్వాలు, జేబురుమాలు, చెల్లెలి గొడుగు, నా టోపీ కిటికీలోంచి విసిరేశాను. తీరా ఎక్కి చూస్తే పెట్టెలో పదిమంది లేరు. ఎదురెదురు సీట్లలో నాలుగు వస్తువులు. పక్కనున్న ముసలాయన మమ్మల్నీ ఖాళీ సీట్లనీ మార్చి మార్చి చూశాడు.

చెల్లెలు కూడా చూసింది. మేం ముగ్గురం.

"అన్నయ్యా, నాలుగోది..." అని ఆగిపోయింది.

కిటికీ పక్క సీటులో పడింది నాన్న తువ్వాలు. తియ్యబోతే అమ్మ నా చెయ్యి నెట్టేసి, దానికి ఎదురుగా కూర్చుంది. రైలు కదిలింది. సముద్రం పట్టాల పక్కకే వచ్చేసింది. నురగ రాళ్ల మీద పడి లేస్తోంది. అందంగానే ఉంది. ఉందని తెలుస్తోంది, అంతే.

దిగేటప్పుడు అమ్మే ఆ తువ్వాలు తీసి, మడతపెట్టి, నా భుజం మీద వేసింది. నాలుగడుగులు నడిచాక ఊరుకోలేక అన్నాను.

"లెక్క తప్పిందమ్మా."

అమ్మ ఆగింది. నవ్వలేదు.

"ముగ్గురికి నాలుగు సీట్లు పట్టినోడివి. ఆ మాస్టారు పంచదార పంచాడంటే పంచడూ మరి!"