థోర్కిల్ మామయ్య, ఆవగిన్నె అడుగు

మా థోర్కిల్ మామయ్య ఎవరింటికి భోజనానికి వెళ్లినా, బల్ల మీది వెండి గిన్నెను తలకిందులు చేసి ఏ ఊళ్లో, ఏ ఏట చేసిందో చెప్పే అడుగు ముద్ర చదివేవాడు. గిన్నెలో ఏముందన్నది ఆయన పట్టించుకునే విషయం కాదు.

పాస్టరుగారింట్లో ఉప్పుగిన్నె తిరగేస్తే ఉప్పంతా హెర్రింగ్ చేపల మీద పడింది.

"ఓడెన్సె పనితనం. పద్దెనిమిది వందల అరవై," అన్నాడు మామయ్య.

"ఈ చేపల్ని ఎట్లా తినమంటారు?" అంది పాస్టరుగారి భార్య.

"కడుక్కుని తినండమ్మా. గిన్నె జోలికి మాత్రం పోకండి."

సొంత పెళ్లివిందులోనే వెనిగర్ సీసాల వెండి స్టాండు ఎత్తి తిరగేశాడట. "ఆ మరక ఇంకా నా గౌను మీదే ఉంది," అనేది అత్తయ్య. "మంచి ముద్ర," అనేవాడాయన.

మా ఊరు కోర్సోర్‌లో ఆయన్ను పిలిచినవాళ్లు బల్ల మీద పాత దుప్పటి పరిచేవారు గానీ, పిలవడం మానలేదు. నలభై ఏళ్లు వెండి దుకాణంలో చేసిన మనిషి. ఆయన అసలుదంటే అసలుదే.

పక్కింటి తోవె తన కూతురు చర్చిలో కన్ఫర్మేషన్ తీసుకున్న రోజు విందుకూ పిలిచింది. ఫెర్రీ ఓడ భోజనశాలలో వడ్డన పని చేసిన ఆమె భర్త పోయి ఏడాదైంది. బల్ల మధ్యన ఆవముద్ద నింపిన వెండి గిన్నె. తన అమ్మమ్మదని తోవె ఎప్పుడూ చెప్పుకునేది.

"మీ పుట్టింట్లో చెంచాలే చెక్కవి కదా వదినా, వెండి గిన్నె ఎక్కణ్ణుంచి వచ్చింది?" అంది ఆడపడుచు బోదిల్, ఇరవైమందీ వినేలా. "థోర్కిల్‌గారూ, తిరగేసి మీరే చెప్పండి."

గిన్నె తిరగేయమని ఆయన్ను ఒకరు అడగడం ఊళ్లో అదే మొదలు.

"వద్దండీ, నిండుగా ఉంది," తోవె చెయ్యి అడ్డుపెట్టింది. ముఖం పాలిపోయింది. కూతురు తల్లివైపే చూస్తోంది.

మామయ్య అప్పటికే ఎత్తేశాడు. ఆవముద్ద ఆయన చొక్కా చేతిలోకి జారింది. భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"మూడు గోపురాలు. కోపెన్‌హాగెన్ ముద్ర. పద్దెనిమిది వందల నలభై రెండు," అన్నాడు. "బోదిల్‌గారూ, మీ ఇంట్లో ఇలాంటిది నేను చూసిన గుర్తు లేదు."

బోదిల్ బంగాళాదుంపల మీదికి వంగింది. తోవె మెల్లగా కూర్చుంది.

గిన్నె కడిగే పని నాకు పడింది. అడుగున గోపురాల్లేవు. "ఫెర్రీ భోజనశాల సొత్తు. బయటికి తీసుకుపోరాదు," అని ఉంది.

చొక్కా కడుక్కోవడానికి వచ్చిన మామయ్యకు చూపించాను. "మామయ్యా, ఇది వెండి కూడా కాదు. పూత!"

"నిన్నెవడు కడగమన్నాడు?"

"ఇప్పుడేం చెయ్యను?"

"అంచుదాకా ఆవముద్ద నింపి తీసుకెళ్లి బల్ల మీద పెట్టు. నిండు గిన్నెను తిరగేసే వెధవను ఈ ఊళ్లో నేనొక్కణ్ణే."